బాకీ చీటీ చించిన చేతులు: క్రైస్తవ క్షమకు రెండు వేల ఏళ్లు

క్రైస్తవ మతం ప్రేమను బోధిస్తుందని అందరూ ఒప్పుకుంటారు. ఆ ప్రేమకు అసలు పరీక్ష క్షమ దగ్గరే. మనల్ని ప్రేమించేవారిని ప్రేమించడానికి ఏ మతమూ అక్కర్లేదు. మోసం చేసిన తోడబుట్టినవాడినీ, పరువు తీసిన పొరుగువాడినీ, బిడ్డను చంపిన హంతకుడినీ ఏం చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడే బోధలోని గట్టిదనం, డొల్లతనం బయటపడతాయి. రెండు వేల ఏళ్లుగా క్రైస్తవ సమాజం ఈ ప్రశ్నతో కుస్తీ పడుతూనే ఉంది. కొన్నిసార్లు గెలిచింది. చాలాసార్లు సిగ్గుపడేలా ఓడింది. ఆ దారిని వెనుదిరిగి చూస్తే ఈనాటి మన ఇళ్లకూ సంఘాలకూ పనికివచ్చే పాఠం ఒకటి దొరుకుతుంది.

మూడు సూత్రాలు

అన్నిటికీ మొదలు మత్తయి సువార్త 18వ అధ్యాయం. తప్పు చేసిన సోదరుణ్ణి ఏడుసార్లు క్షమిస్తే సరిపోతుందా అని పేతురు అడిగాడు. యేసు ఆ ఏడును డెబ్బై రెట్లు చేసి, ఒక కథ చెప్పాడు. రాజుకు పదివేల తలాంతులు బాకీ పడ్డ సేవకుడు కాళ్ల మీద పడితే, రాజు మొత్తం మాఫీ చేశాడు. ఆ సేవకుడు బయటికి వెళ్లి, తనకు వంద దేనారాలు బాకీ ఉన్న తోటి సేవకుడి గొంతు పట్టుకున్నాడు. దేనారం ఆ రోజుల్లో కూలివాడి ఒక దినం సంపాదన. తలాంతు అంటే సుమారు ఆరు వేల దేనారాలు. లెక్క వేస్తే మొదటి బాకీ ఆరు కోట్ల దినాల కూలి. రెండోది వంద దినాల కూలి.

ప్రసంగాల్లో ఈ రెండో బాకీని చిల్లర డబ్బులుగా తీసిపారేస్తుంటారు. పేదవాడికి వంద దినాల కూలి చిల్లర కాదు, మూడు నెలల తిండి. తోటివాడు మనకు చేసిన గాయం చిన్నదని యేసు అనలేదు. అది నిజమైన నష్టమేనని ఒప్పుకుని, దాన్ని వదలమన్నాడు. ఆ మాట బరువు అక్కడే ఉంది.

దీనికి పక్కనే మరో రెండు సంగతులు పెట్టుకోవాలి. కొండమీది ప్రసంగంలో, బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతూ సోదరుడితో తగాదా గుర్తొస్తే కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు. లూకా సువార్త 19లో, యెరికో సుంకరి జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తాననీ, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలుగా తిరిగి చెల్లిస్తాననీ అంటాడు. ఆ తర్వాతే ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట వినిపిస్తుంది.

లెక్కపెట్టకుండా మాఫీ చేయడం, ఎదురుపడి సమాధానపడడం, తీసుకున్నది తిరిగి ఇవ్వడం: ఈ మూడూ కలిస్తేనే సువార్తలోని క్షమ. తర్వాతి చరిత్ర అంతా ఈ మూడూ ఒకదాన్నుంచి ఒకటి విడిపోవడం, ఎవరో ఒకరు మళ్లీ కలపడానికి ప్రయత్నించడం. అపొస్తలుడు పౌలు ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరంలో ఆ ప్రయత్నం అప్పుడే కనిపిస్తుంది. బానిస ఒనేసిమును సోదరుడిలా చేర్చుకోమని కోరుతూ, అతని వల్ల ఏదైనా నష్టం ఉంటే తన లెక్కలో రాసుకోమంటాడు పౌలు. అయితే బానిసత్వమే అన్యాయమన్న మాట ఆ ఉత్తరంలో లేదు. ఆ లోటు తీరడానికి పద్దెనిమిది వందల ఏళ్లు పట్టింది.

జారిపోయినవారిని ఏం చేయాలి?

క్రీ.శ. 250లో రోమన్ చక్రవర్తి డేసియస్ ప్రజలంతా దేవతలకు బలి అర్పించి, అధికారుల దగ్గర ధ్రువీకరణ చీటీ తీసుకోవాలని ఆజ్ఞాపించాడు. అలాంటి చీటీలు నలభైకి పైగా ఈజిప్టు ఇసుకలో దొరికాయి. చాలామంది క్రైస్తవులు ప్రాణభయంతో బలి అర్పించారు. మరికొందరు లంచమిచ్చి చీటీ కొనుక్కున్నారు. హింస ఆగాక వాళ్లంతా సంఘం తలుపు తట్టారు.

లోపలికి రానివ్వాలా? రోములో పాదిరి నొవేషియన్ కుదరదన్నాడు. కార్తేజులో, జైలు హింసలు భరించిన కొందరు విశ్వాసులు అడిగినవారికల్లా సిఫారసు ఉత్తరాలు రాసిచ్చేశారు. కొన్ని ఉత్తరాల్లో పేర్లు కూడా లేవు, ఫలానా వ్యక్తినీ అతని మనుషులనూ చేర్చుకోండని మాత్రమే ఉంది. కార్తేజు బిషప్పు సిప్రియన్ ఈ రెండు విపరీత ధోరణులనూ కాదన్నాడు. 251లో అక్కడి సభ ఒక్కొక్కరి సంగతి విడివిడిగా విచారించాలని తేల్చింది. పశ్చాత్తాపానికి కాలం కావాలి, తలుపు మాత్రం మూయకూడదు. ఆ సిప్రియనే 258లో తన విశ్వాసం కోసం తల ఇచ్చాడు. కఠినంగా ఉండే హక్కు ఉన్నవాడే దయకు దారి తీశాడు.

అర్ధ శతాబ్దం తర్వాత డయోక్లీషియన్ హింసలో లేఖనాలను అప్పగించిన పాదిరుల విషయంలో అదే గొడవ మళ్లీ రేగింది. ఉత్తరాఫ్రికా సంఘం నిలువునా చీలింది. అలాంటివారి చేతి సంస్కారాలు చెల్లవన్నారు డొనాటిస్టులు. పవిత్రత మనిషిది కాదు దేవునిది అని బిషప్పు అగస్టిన్ వాదించాడు. 411లో కార్తేజులో జరిగిన చర్చలో డొనాటిస్టులు ఓడిపోయారు. క్షమను సమర్థించిన అగస్టిన్ చివరికి వాళ్ల మీద రాజ్య బలప్రయోగాన్ని కూడా సమర్థించడం చరిత్రలోని చేదు.

చక్రవర్తి, దొంగ, సన్యాసి

నాలుగో శతాబ్దం నుంచి ఆరో శతాబ్దం దాకా మూడు దృశ్యాలు తీసుకోవచ్చు. 390లో థెస్సలొనీకలో తన సేనాని హత్యకు ప్రతీకారంగా చక్రవర్తి థియొడోషియస్ జనాన్ని ఊచకోత కోయించాడు. మిలాను బిషప్పు అంబ్రోసు ఉత్తరం రాసి, బహిరంగంగా పశ్చాత్తాపపడితే తప్ప ప్రభు సంస్కారం ఇవ్వనన్నాడు. చక్రవర్తి రాజవస్త్రాలు తీసేసి, మామూలు పాపిలా గుడిలో కన్నీరు పెట్టాడు. ఇకముందు మరణశిక్షలను ముప్పై రోజులు ఆపి చూడాలన్న శాసనానికి కూడా ఇదే కారణమని సంఘ చరిత్రకారులు చెబుతారు. కోపంలో ఇచ్చిన ఆజ్ఞ చల్లారేదాకా ఆగాలన్న తెలివి పశ్చాత్తాపం నుంచి చట్టంలోకి వచ్చిందన్నమాట. చనిపోయినవారి కుటుంబాలకు ఏం దక్కిందో ఎవరూ రాయలేదు.

రెండో దృశ్యం ఈజిప్టు ఎడారిది. ఒకప్పుడు దొంగల ముఠా నాయకుడైన మోషే అక్కడ సన్యాసిగా మారాడు. ఒక సోదరుడి తప్పు విచారించే సభకు పిలిస్తే, చిల్లుకుండలో నీళ్లు పోసుకుని, అవి వెనక కారుతుండగా వచ్చాడట. తన పాపాలు వెనక కారుతున్నా తనకు కనబడవు, మరొకరికి తీర్పు చెప్పడానికి మాత్రం వచ్చానన్నది ఆయన భావం. సభ ఆ సోదరుణ్ణి వదిలేసింది.

మూడోది ఇంకా మామూలుది, అందుకే ముఖ్యమైనది. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు తన మఠానికి రాసిన నియమావళిలో, ఉదయం, సాయంత్రం ప్రభువు ప్రార్థనను పెద్ద గొంతుతో చెప్పాలని విధించాడు. ఒకే కప్పు కింద బతికేవారి మధ్య ముళ్లలా మొలిచే చిన్న చిన్న తగాదాలు ఆ క్షమ మాటలు వింటూ రోజుకు రెండుసార్లు రాలిపోవాలన్నది ఉద్దేశం. పొద్దుగూకేలోపు సమాధానపడాలన్నది మరో నియమం. పెద్ద ద్రోహాల గురించి ఎందరో రాశారు. ఎవరు గిన్నె కడగలేదు, ఎవరు మాట విసిరారు వంటి రోజువారీ గాయాలను పట్టించుకున్నవాడు బెనెడిక్టు. కుటుంబ ప్రార్థన అలవాటున్న మన ఇళ్లకు ఆయనే ఎక్కువ దగ్గరివాడు.

పట్టీలు, ధరలు, బ్యాంకులు

మొదటి శతాబ్దాల్లో పశ్చాత్తాపం బహిరంగం, కఠినం, చాలాచోట్ల జీవితంలో ఒక్కసారే. ఆరో శతాబ్దం నుంచి ఐర్లాండు సన్యాసులు దాన్ని ఏకాంతానికి మార్చారు. ఎన్నిసార్లైనా పాపం ఒప్పుకోవచ్చు. పాదిరి చేతిలో ఒక పట్టీ ఉంటుంది. ఏ తప్పుకు ఎన్నాళ్లు రొట్టె, నీళ్లతో ఉపవాసం చేయాలో అందులో రాసి ఉంటుంది. ఈ పట్టీలను చూసి నవ్వుకోవడం తేలిక. కానీ 615లో చనిపోయిన కొలంబానుసు పట్టీ చూడండి. కొట్లాటలో ఎవరినైనా గాయపరిచినవాడు నష్టం కట్టాలి. కట్టే స్తోమత లేకపోతే గాయపడ్డవాడు లేచేదాకా అతని పని తాను చేయాలి, వైద్యుణ్ణి పిలిపించాలి. ఉపవాసం ఆ తర్వాతే. జక్కయ్య మళ్లీ కనిపించాడు.

చెడింది ఎక్కడంటే, ఉపవాసానికి బదులు మరొకటి చెల్లించే వెసులుబాటు దగ్గర. ముందు కీర్తనల పఠనం, తర్వాత డబ్బు. 1095లో క్లేర్మాంటులో పోపు రెండో అర్బను యెరూషలేముకు దండెత్తి వెళ్లడమే ప్రాయశ్చిత్తంగా చెల్లుతుందన్నాడు. శత్రువును క్షమించమన్న మతంలో శత్రువును చంపడానికి వెళ్లడం క్షమాపణకు మార్గమైంది. 1215లో నాలుగో లాటరను సభ ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒకసారి పాపసంకీర్తనం చేయాలనీ, విన్న పాదిరి దాన్ని బయటపెట్టకూడదనీ శాసించింది. మామూలు మనిషికి తన అంతరంగాన్ని పరీక్షించుకునే అలవాటు దీనివల్ల వచ్చింది. దానితోపాటు, దెబ్బతిన్నవాడి ముఖం చూడకుండానే లెక్క సరిచేసుకోవచ్చన్న భ్రమ కూడా బలపడింది.

ఆ కాలంలోనే అస్సీసీ ఫ్రాన్సిసు వేరే దారి చూపించాడు. 1226లో మరణానికి దగ్గరపడ్డ రోజుల్లో, తన ఊరి బిషప్పూ నగరాధికారీ ఒకరినొకరు వెలివేసుకుని పోరాడుతున్నారని విన్నాడు. సృష్టిని స్తుతిస్తూ తాను కట్టిన పాటకు క్షమించేవారి గురించి ఒక చరణం చేర్చి, సోదరులను పంపి ఇద్దరి ఎదుటా పాడించాడు. ఇద్దరూ కరిగి కలిసిపోయారు. అక్కడ పట్టీ లేదు, ధర లేదు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడ్డారు, అంతే.

ధర పద్ధతి మాత్రం పెరిగి పెద్దదై మైంజు ఆర్చిబిషప్పు ఆల్బ్రెక్టు దగ్గర తారస్థాయికి చేరింది. ఆ పదవి కోసం ఆయన ఫుగ్గరు బ్యాంకులో అప్పు చేశాడు. జర్మనీలో టెట్జెలు వంటివారు అమ్మిన పాపపరిహార పత్రాల సొమ్ములో సగం రోములో సెయింట్ పీటర్స్ బసిలికాకు, సగం ఆ అప్పు తీర్చడానికి. బాకీ మాఫీ గురించి చెప్పిన కథ ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చిందో చూడండి: రైతు పాపపు బాకీ బిషప్పు బ్యాంకు బాకీని తీర్చింది.

చర్చి వెలుపలి సాక్షులు

1517 అక్టోబరు 31న మార్టిన్ లూథరు తన 95 వాదాంశాలను బయటపెట్టాడు. క్షమ దేవుడు ఉచితంగా ఇచ్చేదనీ, విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపమేననీ ఆయన సారాంశం. రోము కూడా తర్వాత సర్దుకుంది. పత్రాల అమ్మకాన్ని 1567లో పోపు ఐదో పయసు రద్దు చేశాడు. ధర పోయింది. ప్రేమ వచ్చిందా? 1525లో రైతులు తిరగబడితే వాళ్లను నరికివేయమని రాజులను ఉసిగొల్పుతూ రాసిందీ, వృద్ధాప్యంలో యూదుల మీద విషం కక్కిందీ అదే లూథరు.

క్షమను జీవితంగా మార్చినవారు రెండు శిబిరాలూ వెంటాడిన అనాబాప్టిస్టుల్లో కనిపిస్తారు. 1569లో నెదర్లాండ్స్‌లోని అస్పెరెనులో డిర్క్ విల్లెమ్స్ చెర నుంచి తప్పించుకుని, పలచటి మంచు గడ్డకట్టిన నీటి మీదుగా పరుగెత్తాడు. వెంబడించిన భటుడు మంచు విరిగి మునిగిపోతుంటే వెనక్కి వచ్చి కాపాడాడు. మళ్లీ పట్టుబడ్డాడు. మే 16న అతన్ని సజీవదహనం చేశారు. ఆ కథ చెప్పుకుంటూ పెరిగిన అనాబాప్టిస్టు వారసుల్లో అమిష్ ప్రజలూ ఉన్నారు. 2006 అక్టోబరు 2న పెన్సిల్వేనియాలోని నికెల్ మైన్స్ బడిలో ఒకడు పదిమంది అమిష్ ఆడపిల్లలను కాల్చాడు, ఐదుగురు చనిపోయారు. తనను తానూ కాల్చుకున్న ఆ హంతకుడి భార్యను ఓదార్చడానికి అమిష్ పెద్దలు వెంటనే వెళ్లారు. అతని అంత్యక్రియలకు హాజరయ్యారు. వచ్చిన విరాళాల్లో ఆమె కుటుంబానికీ వాటా ఇచ్చారు. ఇది ఆ పూట పుట్టిన వీరత్వం కాదు. నాలుగు వందల ఏళ్లుగా చిన్న తగాదాల మీద సాధన చేసిన సమాజం, పెద్దది వచ్చిపడ్డ రోజు తడబడలేదు.

ఇంగ్లండులో జాన్ వెస్లీ 1738లో చిన్న చిన్న బృందాలకు నియమాలు రాశాడు. వారానికోసారి కలిసి, ఎవరి తప్పు వారు చెప్పుకుని, ఒకరికొకరు ప్రార్థించాలి. నీతి జీవితం ఆదివారపు ప్రసంగంలోంచి వారం మధ్యలోకి వచ్చింది. అదే కాలంలో జాన్ న్యూటన్ ఉదాహరణ మనల్ని ఆలోచనలో పడేస్తుంది. 1754 దాకా బానిసల ఓడలు నడిపిన ఈయన తర్వాత పాదిరి అయ్యాడు. 1772 చివర్లో కృప గురించి లోకమంతా పాడుకునే కీర్తన రాశాడు. ఆ వ్యాపారంలో తాను చూసిందీ చేసిందీ ఒప్పుకుంటూ కరపత్రం అచ్చేసింది మాత్రం 1788లో. పాట ముందు వచ్చింది, సాక్ష్యం పదిహేనేళ్లు ఆలస్యంగా వచ్చింది. అయినా ఆ సాక్ష్యం 1807లో బానిస వ్యాపార నిషేధానికి ఆయుధమైంది. 1833లో బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేస్తూ రెండు కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. బానిసలకు కాదు, యజమానులకు. బార్బడోసులో కాడ్రింగ్టన్ తోటను నడిపిన ఆంగ్లికన్ మిషనరీ సంఘానికీ అందులో వాటా దక్కింది. చర్చ్ ఆఫ్ ఇంగ్లండు దీనికి క్షమాపణ చెప్పింది 2006లో.

తెలుగు నేల మీద

1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు విశాఖపట్నం చేరినప్పటి నుంచి ప్రొటెస్టెంటు బోధ తెలుగు పల్లెల్లోకి నిలకడగా వచ్చింది. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి దాన్ని మన రాగాల్లోకి తెచ్చాడు. ఆయన కీర్తనల్లో భక్తుడు తన దోషం చెప్పుకుని కాళ్లు పట్టుకుంటాడు. దాసుడి ఆర్తి తెలుగువాడికి కొత్తది కాదు గనక ఆ పాటలు పరాయివిగా వినబడలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఇప్పటికీ ఆయన పేరు మాటిమాటికీ ఎదురవుతుంది.

1876–78 కరువు అసలు పరీక్ష పెట్టింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మం అడిగినవారికి ఇవ్వలేదు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని, సహాయం పంచడం ఆగేదాకా ఆపాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను అందరూ చెబుతారు. దానికి ముందటి నిరీక్షణే నాకు గొప్పగా కనబడుతుంది. జర్మనీలో క్షమకు ధర కట్టినవారున్నారు. ఒంగోలులో అన్నానికి బాప్తిస్మాన్ని ధరగా కట్టకూడదన్న పట్టుదల నిలిచింది.

ఈ కొత్త విశ్వాసులు ఎక్కువమంది మాదిగ, మాల పల్లెలవారు. నీతి జీవితం వాళ్లకు ఆదర్శాల చర్చ కాదు, రోజువారీ తగాదా. ఆదివారం పనికి రామంటే భూస్వామితో పేచీ, చచ్చిన గొడ్డు మాంసం మానేస్తే ఊరితో పేచీ, జాతరలో డప్పు కొట్టబోమంటే పెద్దరైతుతో పేచీ. మొదటి తరం చూపిన సహనం వెనుక ఆత్మగౌరవం ఉంది. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య, తమిళ దేశం నుంచి వచ్చి దోర్నకల్లులో తెలుగు పల్లెలు తిరుగుతూ దీన్నే నొక్కి చెప్పాడు. విశ్వాసి మారిన బతుకే ఊరికి ప్రసంగం. తాగుడు, తగాదా, జాతి గర్వం వదలడమే సువార్త. రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరో సభలో, మీరు త్యాగాలు చేశారు గాని మాకు స్నేహితులను ఇవ్వండని పాశ్చాత్య మిషనరీలను ముఖాముఖి అడిగింది కూడా ఆయనే. జాలిపడి దిగివచ్చే ప్రేమ చాలదు, సాటిగా కూర్చునే ప్రేమ కావాలన్నది ఆ మాట సారం.

సాటిగా కూర్చునే ప్రేమకు నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లి మంచి గుర్తు. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ అక్కడ కుష్ఠు వైద్యశాల నెలకొల్పింది. అందుకు ధారాళంగా డబ్బిచ్చినవాడు హిందువైన రాజా నర్సాగౌడ్. ఊరు వెలివేసినవారిని తాకిన చేతులకు మతాల హద్దులు అడ్డురాలేదు.

అయినా మన సంఘాల లోపలి గోడలు కూలలేదు. ప్రభు బల్ల దగ్గర కలిసినవారు పెళ్లి దగ్గర విడిపోయారు. మాల, మాదిగ, రెడ్డి, కమ్మ అన్న తేడాలు సమాధుల తోటల దాకా వచ్చాయి. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువ 1941లో ‘గబ్బిలం’ రాసి, ఆకలిగొన్న అంటరానివాడి ఫిర్యాదును కాశీ విశ్వనాథుడికి పంపాడు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకదాంట్లో నిలదీత, మరోదాంట్లో కరుణ. నిలదీయలేని నోటితో కరుణ పలకదని జాషువకు తెలుసు.

క్షమ వీధిలోకి వచ్చిన శతాబ్దం

ఇరవయ్యో శతాబ్దంలో క్షమ చర్చి గడప దాటింది. 1937లో జర్మను పాదిరి డీట్రిచ్ బాన్‌హోఫర్, పశ్చాత్తాపం అక్కర్లేని కృప చవకబారు కృప అని హెచ్చరిస్తూ పుస్తకం రాశాడు. హిట్లరును ఎదిరించి 1945 ఏప్రిల్ 9న ఉరికంబం ఎక్కాడు. 1956 జనవరి 30న అమెరికాలోని మాంట్‌గమరీలో నల్లజాతి పాదిరి మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు పడింది. ఆయుధాలతో వచ్చిన జనాన్ని, శత్రువును ప్రేమించాలని చెప్పి ఇళ్లకు పంపాడు. వర్ణవివక్షకు వ్యతిరేకంగా తాను నడిపిస్తున్న బస్సుల బహిష్కరణను మాత్రం ఆపలేదు. 381 రోజులు నడిచి గెలిచాడు. ప్రేమ అంటే లొంగుబాటు అనుకునేవారికి ఇంతకన్నా సమాధానం అక్కర్లేదు.

1996లో దక్షిణాఫ్రికా సత్య, సయోధ్యా కమిషన్ ఆర్చిబిషప్పు డెస్మండ్ టుటు అధ్యక్షతన వర్ణవివక్ష కాలపు నేరాల మీద విచారణలు మొదలుపెట్టింది. చేసిన నేరాన్ని పూర్తిగా బయటపెడితేనే క్షమాభిక్ష. ఏడు వేలకు పైగా దరఖాస్తులు వస్తే 849 మందికే దక్కింది. తల్లులు తమ బిడ్డలు ఎలా చనిపోయారో హంతకుల నోటితో విన్నారు. అందరూ సమ్మతించలేదు. హతుడైన నల్లజాతి నాయకుడు స్టీవ్ బీకో కుటుంబం క్షమాభిక్షకు వ్యతిరేకంగా రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లి ఓడింది. బాధితులకు 2003లో చివరికి ఇచ్చింది ఒక్కసారి ముప్పై వేల రాండ్లు. నిజం బయటికి వచ్చింది, చెల్లింపు అరకొరగా మిగిలింది. ఆ దేశంలో ఇంకా రగులుతున్న అసంతృప్తికి ఈ లోటూ ఒక కారణమే.

మన దేశంలో రెండు ఇళ్లను తలచుకోవాలి. 1999 జనవరి 22 రాత్రి ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో కుష్ఠురోగుల సేవకుడు గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌నూ, ఆరేళ్ల తిమోతినీ జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానని చెప్పి, బరిపదలో రోగుల సేవ కొనసాగించింది. న్యాయస్థానాల పని ఆగలేదు. ప్రధాన నిందితుడి జీవితఖైదును 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె క్షమ చట్టానికి అడ్డుపడలేదు, చట్టం ఆమె క్షమను చెరపలేదు. మధ్యప్రదేశ్‌లో పేద రైతుల పక్షాన నిలిచిన సిస్టర్ రాణీ మారియాను 1995 ఫిబ్రవరి 25న బస్సులోంచి దింపి పొడిచి చంపారు. ఆమె చెల్లెలు సిస్టర్ సెల్మీ పాల్ 2002లో జైలుకు వెళ్లి హంతకుడి చేతికి రాఖీ కట్టింది. అతను మారాడు. తల్లిదండ్రులు కూడా క్షమించారు. యూరపు పుస్తకాల్లోని క్షమకు భారతీయ రూపం ఆ రాఖీ.

ఈ రెండింటి పక్కనే చుండూరునూ పెట్టాలి. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్లో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. బాధితుల్లో క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. 2007లో ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఎవరూ తప్పు ఒప్పుకోలేదు, ఎవరూ క్షమాపణ అడగలేదు. అలాంటి చోట బాధితుల దగ్గరికి వెళ్లి క్షమించమని ప్రసంగించడం సువార్త అవదు. ముందు నేరం చేసినవారి గడప తొక్కాలి.

నేటి లెక్క

క్షమను దాచుకునే తెరగా వాడుకున్న ఉదంతాలు ఈ శతాబ్దంలో వరసగా బయటపడ్డాయి. పాదిరులు పిల్లలపై చేసిన అత్యాచారాలను 2002లో బాస్టన్‌లో పత్రికా పరిశోధన, 2009లో ఐర్లాండులో అధికారిక నివేదికలు వెలికితీశాయి. చాలాచోట్ల జరిగింది ఒకటే: నేరస్థుణ్ణి క్షమించి మరో సంఘానికి బదిలీ చేశారు, పిల్లల నోరు మూయించారు. 2022 జులైలో పోపు ఫ్రాన్సిసు కెనడా వెళ్లి, ఆదివాసీ పిల్లలను వేధించిన వసతి పాఠశాలల విషయంలో క్షమాపణ కోరాడు. బాధితులు విన్నారు. దానితోపాటు రికార్డులు తెరవమనీ, తీసుకెళ్లిన వస్తువులు తిరిగి ఇమ్మనీ అడిగారు. జక్కయ్య కథ వాళ్లకు బాగా తెలుసు.

మన సంఘాల్లోనూ ఇదే జరుగుతుంది. భర్త కొడుతున్నాడని వచ్చిన ఆడబిడ్డకు డెబ్బై రెట్ల క్షమ పాఠం చెప్పి పంపుతారు. కొట్టిన మగవాణ్ణి పిలిచి అదే పీఠం ముందు నిలబెట్టరు. అన్నదమ్ముల ఆస్తి తగాదాలో గట్టు జరిపినవాడు మంచి శుక్రవారం నాడు ఏడు మాటల ఆరాధనలో మొదటి మాట విని కళ్లు తుడుచుకుంటాడు. క్షమ గురించిన మాటే అది. గట్టు మాత్రం జరిపినచోటే ఉంటుంది.

రెండు వేల ఏళ్ల చరిత్ర తేల్చింది ఇది. క్షమ ఇవ్వాల్సింది గాయపడ్డవాడే. పాదిరి గాని, పత్రం గాని, ప్రభుత్వం గాని అతని తరఫున ఇవ్వలేవు. దాన్ని అతని మీద రుద్దే హక్కూ ఎవరికీ లేదు. అడగవలసింది తప్పు చేసినవాడు, నిజం చెప్పి, తీసుకున్నది తిరిగి ఇచ్చి. సంఘం పని ఆ ఇద్దరికీ దారి వేయడం, బలహీనుడి పక్కన నిలబడడం. ఎప్పుడెప్పుడు ఈ మూడు పనులూ కలిశాయో అప్పుడు క్రైస్తవ ప్రేమ లోకాన్ని కదిలించింది. విడిపోయినప్పుడల్లా అది వ్యాపారమో, అణచివేతో అయింది.

కాబట్టి వచ్చే నెల ప్రభు బల్లకు వెళ్లేముందు ప్రతి విశ్వాసీ రెండు పేర్లు గుర్తు చేసుకోవాలి: తనకు బాకీ ఉన్నవాడిది ఒకటి, తాను బాకీ ఉన్నవాడిది ఒకటి. మొదటిదాన్ని మనసులో చించేయడానికి కాలం పట్టవచ్చు, ఫరవాలేదు. రెండోదాన్ని మాత్రం ఆదివారం దాకా ఆపకుండా శనివారమే వెళ్లి చెల్లించి రావాలి.